'మైటీ' అను ఆంగ్ల విశేషణము – కడప సీమ ప్రసంగ భాషలో "బలము"

ఇంగ్లీషు బైబిలును, ఇంగ్లీషు వ్యాఖ్యానములను దగ్గర పెట్టుకొని తెలుగులో ప్రసంగములు సిద్ధపరచుకొను మనకు తరచుగా ఎదురయ్యే విశేషణములలో 'మైటీ' ఒకటి. దానికి తెలుగులో బలమైన, బలిష్ఠమైన, శక్తిగల, ఘనమైన, పరాక్రమముగల అని ఎన్నో అర్థములు చెప్పవచ్చును. అయితే శనివారము రాత్రి పొద్దుపోయి ప్రసంగము వ్రాసుకొను కాపరి వాటిలో మొదట నోటికి వచ్చినదానినే తీసికొని ముందుకు సాగును. ఆ మొదటి మాట 'బలమైన'. ఈ వ్యాసములో మేము పరిశీలింపదలచినది ఆ మాటనే. 'మైటీ' అని కనబడిన ప్రతి చోట 'బలము' అని వేయుటవలన మన సంఘభాషకు ఏమి కలిగినది? ముఖ్యముగా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల విశ్వాసి చెవికి ఆ మాట ఎట్లు వినబడుచున్నది?

ఈ మూడు ఊళ్ళనే ఎందుకు తీసికొంటిమి అని కొందరు అడుగవచ్చును. కారణము సులభము. తెలుగు నేల అంతట 'బలము' అను మాట ఉన్నది గాని, ఇక్కడ దానికి ఒక ప్రత్యేకమైన బరువున్నది. "ఆయప్పకు బలముంది" అని పులివెందుల పల్లెలో ఒకరన్నచో, ఆయన కండలు తిరిగినవాడని ఎవరును అనుకొనరు. ఆయన వెనుక మంది ఉన్నారని, ఆయన మాట స్టేషనులోను మండలాఫీసులోను చెల్లుననియు దాని అర్థము. దశాబ్దముల పాటు ముఠా కక్షలు, నాటుబాంబులు, వేటకొడవళ్ళు చూచిన నేల ఇది. 1999లో వచ్చిన సమరసింహారెడ్డి, 2002లో వచ్చిన ఆది, ఇంద్ర వంటి సినిమాలు ఆ బలమునకు పాటలు కట్టి బయటి ప్రాంతములవారికి చూపినవి. ఆ కక్షలలో విధవరాండ్రైనవారిని ఓదార్చుటకు వెళ్ళిన కాపరులకు ఆ పాటలు రుచించవు.

పదము పుట్టుక

'మైటీ' అనునది 'మైట్' అను నామవాచకమునుండి వచ్చినది. ప్రాచీన ఆంగ్లములో దీని రూపము 'మిహ్తిగ్'. జర్మను భాషలోని 'మాఖ్ట్' దీనికి చుట్టము. మనము బడిలో నేర్చుకొన్న 'మే', 'మైట్' అను సహాయక్రియలు కూడ ఆ వేరునుండి మొలిచినవే. ఆ వేరుకు అసలైన భావము 'చేయగలుగుట'. క్రొత్త నిబంధనలో ఈ విశేషణమునకు మూలముగా తరచు కనబడు గ్రీకు పదము 'దునాతోస్' కూడ అట్టిదే. అది 'దునమై', అనగా 'చేయగలుగుచున్నాను' అను క్రియనుండి వచ్చినది. విచిత్రమేమనగా మన తెలుగు కూడ ఇదే దారిలో నడచినది. 'శక్తిగల' అనుటలోని 'గల', 'చేయగలడు' అనుటలోని 'గల' రెండును 'కలుగు' అను క్రియవే. కాబట్టి 'మైటీ'కి మూలార్థములో తెలుగు చెప్పుమని అడిగినచో 'చేయగలవాడు', లేక కొంచెము గ్రాంథికముగా 'సమర్థుడు' అని చెప్పవలెను.

'బలము' దారి వేరు. సంస్కృతములో బలము అనగా శక్తి మాత్రమే కాదు, సేన కూడ. చతురంగ బలములు అని మన కథలలో వినియున్నాము. నేటి పత్రికలలో భద్రతా బలగములు అను మాట ఉన్నది. 'బలగము' అనగా బంధువర్గము, వెంట నిలుచు మంది. అంగబలము, అర్థబలము, మందిబలము అను జోడింపులన్నిటిలోను బలము లెక్కకు వచ్చునది, కూడబెట్టబడునది, ఎదుటివానిపై ప్రయోగింపబడునది. ఇంకొక అడుగు వేసినచో 'బలవంతము' వచ్చును. అక్కడ పదము పూర్తిగా నిర్బంధము అను అర్థములోనికి దిగిపోయినది. ఇంకొక అడుగు క్రింద 'బలాత్కారము' ఉన్నది. 'బలవంతుడు' అని మనము పుల్పిట్ నుండి పలికినప్పుడు ఈ మెట్లన్నియు వినువాని మనస్సులో ఉండును. సుమతీ శతకములో పామును చలిచీమలు చంపిన పద్యము ఇక్కడి బడిపిల్లలకు కూడ కంఠస్థమే. దానిలో బలవంతుడు అనునది మెప్పు కాదు, హెచ్చరిక.

'బలవంతపు మతమార్పిడి' అను ఆరోపణ మనపై తరచు వచ్చుచున్న ఈ దినములలో, లూకా 14:23లో విందుకు పిలుచు సందర్భమున మన తెలుగు బైబిలులో 'బలవంతము చేయుము' అని ఉన్నదన్న సంగతి కూడ జ్ఞాపకముంచుకొనవలెను. గ్రీకు మాట ఆతిథ్యమిచ్చువాడు అతిథిని పట్టుబట్టి పిలుచుటకు చెల్లును. మన ఇండ్లలో "తినాల్సిందే" అని ఆకులో ఇంకొక ముద్ద వేయు పిన్నమ్మ చేయునది అదే. ఆ వాక్యమును వివరణ లేకుండ చదువుట మంచిది కాదు.

ఒక గ్రీకు మాట, అనేక తెలుగు మాటలు

మన పాత తెలుగు బైబిలు అనువాదకులను గూర్చి సెమినరీ విద్యార్థులు తేలికగా మాటలాడుట మేము విని యున్నాము. విశాఖపట్టణములో 1805లో లండన్ మిషనరీ సొసైటీవారు అడుగుపెట్టినది మొదలు అనేకుల చేతులమీదుగా జరిగిన పని అది. అదే సంస్థవారు 1822లో కడపకు వచ్చిరి. జమ్మలమడుగులోని క్యాంబెల్ ఆసుపత్రి ఆ పరిచర్య ఫలమే. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి తెలుగు నేర్చుకొనిన సి.పి. బ్రౌను ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు 1852లో వెలువడినది. అనువాదకులకు పండితులుండిరి, నిఘంటువులుండెను. అయినను వారు నిఘంటువులోని మొదటి అర్థమును ప్రతి చోట అతికించలేదు. 'దునాతోస్' ఒక్కదానినే చూడుడి.

రోమా 4:21లో అబ్రాహాము నమ్మిన దేవుడు 'సమర్థుడు'. రోమా 15:1లో విశ్వాసమందు స్థిరులైనవారు 'బలవంతులు'. మొదటి కొరింథీ 1:26లో ఇంగ్లీషు 'మైటీ' అనిన చోట తెలుగులో 'ఘనులు'. లూకా 24:19లో ఎమ్మాయు దారిన నడచుచున్న శిష్యులు యేసును గూర్చి చెప్పినప్పుడు 'శక్తిగల'. అపొస్తలుల కార్యములు 7:22లో మోషేను గూర్చి, 18:24లో అపొల్లోను గూర్చి చెప్పునప్పుడు 'ప్రవీణుడు'. ఈ చివరిది మాకు ఎంతో ఇష్టమైన అనువాదము. అపొల్లో లేఖనములలో 'మైటీ' అని కింగ్ జేమ్స్ అనువాదము చెప్పుచున్నది. దానిని నేటి మన ప్రసంగికుడు తెలుగు చేసినచో "లేఖనములలో బలమైన దైవజనుడు" అనును. పాత అనువాదకుడు 'ప్రవీణుడు' అనినందున, అపొల్లో కూర్చుండి చదివినవాడని, చదివినదానిని విప్పి చెప్పగలవాడని తెలుగు పాఠకునికి వెంటనే తెలియుచున్నది. కంఠము పెంచినవాడని కాదు.

ఈ వైవిధ్యము ప్రతి చోట లాభమే అనుట లేదు. లూకా 3:16లో బాప్తిస్మమిచ్చు యోహాను తన వెనుక వచ్చువానిని గూర్చి వాడిన గ్రీకు మాటయు, లూకా 11:22లో ఆయుధములు ధరించిన ఇంటి యజమానుని జయించువానిని గూర్చి యేసు వాడిన మాటయు ఒకటే, 'ఇస్ఖురోతెరోస్'. తెలుగులో మొదటి చోట 'శక్తిమంతుడు', రెండవ చోట 'బలవంతుడు'. ఇంగ్లీషులోను 'మైటియర్' ఒక చోట, 'స్ట్రాంగర్' ఒక చోట. లూకా కావాలని కట్టిన ముడి రెండు భాషలలోను వీడిపోయినది. యోహాను ఎవరిని గూర్చి చెప్పెనో ఆయనే ఆ ఇంటిలో చొరబడినవాడు అను సంగతి గ్రీకు చదువనివారికి అందదు. అంతకంటె చిక్కు ఒకటున్నది. మార్కు 3:27లో 'బలవంతుడు' అనగా సాతాను. యెషయా 9:6లో 'బలవంతుడు' అనగా దేవుడు. క్రిస్మసు కూడికలో ఒకటి, విడుదల కూడికలో మరియొకటి విన్న విశ్వాసి ఏమనుకొనును? ఇద్దరు బలవంతులు, ఎవరి మంది ఎక్కువ అన్న లెక్క మాత్రమే అనుకొనును. ఈ ప్రాంతములో అట్లు అనుకొనుట మిక్కిలి సహజము, ఎందుకనగా ఊరిలో అతడు చూచినది అదే.

మరియ పాటలో రెండు 'మైటీ'లు

లూకా 1వ అధ్యాయములో కింగ్ జేమ్స్ అనువాదము 'మైటీ' అను మాటను కొద్ది వచనముల తేడాతో రెండు సార్లు వాడినది. 49వ వచనములో అది దేవునికి. 52వ వచనములో సింహాసనములనుండి దింపబడినవారికి. ఇంగ్లీషు పాఠకునికి రెండు చోట్ల ఒకే మాట. మూలములో అట్లు లేదు. మొదటిది 'హో దునాతోస్', చేయగలవాడు. రెండవది 'దునస్తాస్', ఏలుబడి చేయువారు, ప్రభువులు. ఒకే కుటుంబపు మాటలే గాని రెండు వేరు మాటలు. తెలుగు అనువాదకులు మొదటిదానికి 'సర్వశక్తిమంతుడు' అని, రెండవదానికి 'బలవంతులు' అని వ్రాసిరి. మొదటిది కొంచెము ఎక్కువ చెప్పినట్లే, ఎందుకనగా 'సర్వ' అనునది ఇక్కడ గ్రీకులో లేదు. అయినను ఇంగ్లీషు పోగొట్టిన తేడాను తెలుగు నిలుపుకొన్నది. దించబడువారి బలము, దించువాని శక్తి ఒకటి కాదని తెలుగు మరియ పాట చెప్పుచున్నది.

ఈ తేడాను మన ప్రసంగములు మరల చెరిపివేయుచున్నవి. "మన దేవుడు బలవంతుడు, బలవంతులనే కొట్టి పడవేయు బలవంతుడు" అను ధోరణిలో మరియ పాటను వివరించుట మేము ఒకటి రెండు కూడికలలో కాదు, అనేక చోట్ల విన్నాము. జనము చప్పట్లు కొట్టుదురు. ఆ చప్పట్లు కొట్టినది దేనికి? నజరేతు పల్లెపిల్లను దేవుడు కటాక్షించినందుకా, లేక మన వర్గమునకు పై వర్గముకంటె పెద్ద నాయకుడు దొరికినందుకా? పాట పాడినది ఎవరో మరచినచో పాట అర్థము తారుమారగును. మరియ తానే బలము సంపాదించుకొనినట్లు పాడలేదు. తనకు చేయగలవాడొకడు చేసెనని పాడినది.

'సర్వశక్తిగల' అను మాటను గూర్చి రెండు మాటలు చెప్పి ముందుకు సాగుదుము. ఆదికాండము 17:1లోని 'ఏల్ షద్దయ్' అను నామపు వ్యుత్పత్తిమీద పండితులకు ఏకాభిప్రాయము లేదు. కొండ అని కొందరు, స్తన్యము అని కొందరు, నాశనము చేయు అని కొందరు. లాటిను అనువాదములో అది 'ఓమ్నిపోతెన్స్' అయినది, అక్కడనుండి ఇంగ్లీషు 'ఆల్మైటీ' వచ్చినది. క్రొత్త నిబంధనలోని 'పాంతొక్రాతోర్' అను మాటను మన అనువాదకులు రెండవ కొరింథీ 6:18లో 'సర్వశక్తిగల' అని, ప్రకటన గ్రంథములో 'సర్వాధికారి' అని తెలిగించిరి. ప్రకటనకు 'సర్వాధికారి' చక్కగా తగినది. రోమా చక్రవర్తి అధికారము క్రింద నలుగుచున్న సంఘమునకు కావలసిన మాట అదే. 'అధికారి' అనగానే తహసీల్దారు జ్ఞాపకము వచ్చుటను మాత్రము మనము ఆపలేము.

గిబ్బోర్, అనుచరులు

పాత నిబంధనలో 'మైటీ'కి మూలము ఎక్కువగా 'గిబ్బోర్'. నిమ్రోదు గిబ్బోర్ (ఆది 10:8), యెఫ్తా గిబ్బోర్ (న్యాయా 11:1), గానుగ చాటున దాగి గోధుమలు దుళ్ళగొట్టుచున్న గిద్యోను కూడ దూత నోట గిబ్బోర్ (న్యాయా 6:12). యిర్మీయా 9:23లో అతిశయింపకూడదని హెచ్చరింపబడిన 'శూరుడు' కూడ గిబ్బోరే. మాటలోనే మెప్పు లేదు, నింద లేదు. ఎవరిని గూర్చి ఏ సందర్భమున అనునదే ప్రశ్న.

యౌవనుల కూడికలలో ఎక్కువగా ఎత్తుకొనబడునది రెండవ సమూయేలు 23వ అధ్యాయము, దావీదు బలాఢ్యుల పట్టిక. తెలుగులో వారు దావీదు 'అనుచరులు'. ఈ మాటను మా ప్రాంతపు యువకుడు ప్రతిదినము పత్రికలో చదువుచున్నాడు. ఫలానా నాయకుని ప్రధాన అనుచరుడు అని, ఫలానావారి అనుచరులపై దాడి అని. కాబట్టి అతనికి ఈ అధ్యాయము వివరించనవసరము లేదు, ముందే అర్థమైపోయినది. అడవిలో తలదాచుకొన్న నాయకుడు, ఇబ్బందిపడినవారు, అప్పులపాలైనవారు నాలుగు వందలమంది ఆయన చుట్టు చేరుట (1 సమూయేలు 22:2), గొఱ్ఱెల బొచ్చు కత్తిరించు సంతోషవేళ నాబాలు వద్దకు మనుష్యులను పంపి వాటా అడుగుట (25వ అధ్యాయము). ఇవన్నియు అతనికి ఎరిగిన కథలే. ప్రసంగికుడు "మీరు ప్రభువు కొరకు బలాఢ్యులు కావలెను" అనినప్పుడు అతని కండ్ల ముందు మెదలునది బండ్ల వెనుక నిలుచుండి ఊరేగు యువకులే.

అయితే అదే అధ్యాయము ఆ చిత్రమును లోపలినుండి పగులగొట్టుచున్నది. దానిని చెప్పు ప్రసంగములే అరుదు. బేత్లెహేము బావి నీళ్ళు త్రాగవలెనని దావీదు ఆశపడగా ముగ్గురు ఫిలిష్తీయుల దండును చీల్చుకొని పోయి తెచ్చిరి. దావీదు త్రాగలేదు. ప్రాణమునకు తెగించి తెచ్చినవారి రక్తముతో దానిని సమానముగా ఎంచి యెహోవా సన్నిధిని పారబోసెను. పెన్నలో నీళ్ళు చూచుటకే ఏండ్లు పట్టు సీమలో నీళ్ళను పారబోయుట ఎంతటి సంగతి! అనుచరుల ప్రాణము నాయకుని దాహమునకు వెల కాకూడదని ఆ పని చెప్పుచున్నది. పట్టిక ముప్పది యేడుగురితో ముగియుచున్నది. చివరి పేరు హిత్తీయుడగు ఊరియాది. జమ్మలమడుగు వైపు ఒక కూడిక ముగిసిన తరువాత ఇంటర్ చదువుచున్న పిల్లవాడొకడు, "అయ్యగారూ, ఈ ఊరియా ఆ ఊరియానేనా?" అని అడిగెను. అవును అంటిమి. బలాఢ్యుల పట్టికను కూర్చినవాడు చివరి గీతలో ఆ పేరు ఉంచెను, నాయకుడు తన అవసరమునకు చంపించిన అనుచరుని పేరు. దావీదు బలాఢ్యులమీద ప్రసంగించువారు 39వ వచనము వరకు చదువవలెనని మా విన్నపము.

యెషయా 9:6లోని 'ఏల్ గిబ్బోర్' సంగతి కూడ ఇట్టిదే. ఆ నామము ఒక శిశువుకు ఇయ్యబడినది. దానికి పై వచనములో యుద్ధపు చెప్పులు, రక్తములో పొరలింపబడిన వస్త్రములు అగ్నికి ఆహుతి అగుచున్నవి. రక్తపు బట్టలు కాల్చివేయబడిన తరువాత వచ్చిన గిబ్బోర్ ఈయన. క్రిస్మసు కార్డులలో 6వ వచనము ఒక్కటే అచ్చగుచుండుటవలన ఈ వరుస మనకు కనబడుట లేదు.

స్త్రీకి వేరొక మాట

'గిబ్బోర్'తో జతగా వచ్చు మాట 'హయిల్', బలము, సత్తువ, సేన, ఆస్తి అను అర్థములన్నియు గలది. రూతు 2:1లో బోయజు 'గిబ్బోర్ హయిల్'. తెలుగులో 'ఆస్తిపరుడు'. రూతు 3:11లో బోయజు రూతును 'ఏషెత్ హయిల్' అనెను. తెలుగులో 'యోగ్యురాలు'. సామెతలు 31:10లో అదే 'ఏషెత్ హయిల్'. తెలుగులో 'గుణవతి'. ఒకే హయిల్ పురుషునికి ఆస్తిగాను, పరాక్రమముగాను మారినది, స్త్రీకి గుణముగా మారినది. ఈ దోషము తెలుగువారిది మాత్రమే కాదు. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదములోను బోయజు 'మైటీ', రూతు 'వర్చువస్'. ఇంకను వెనుకకు పోయినచో గ్రీకు సెప్తువజింతులో రూతు 3:11 'శక్తిగల స్త్రీ' అనియే ఉన్నది. సామెతలు 31:10లో 'ఆంద్రెయా', అనగా ధైర్యశాలిని. కొన్ని ప్రాచీన హెబ్రీ ప్రతులలో సామెతల గ్రంథము వెంటనే రూతు గ్రంథము వచ్చును. ఏషెత్ హయిల్ ఎవరికి దొరుకును అను ప్రశ్న చదివి ఆకు త్రిప్పగానే ఆమె మోయాబు దేశమునుండి నడచి వచ్చుచున్నది!

మన స్త్రీల సమాజములలో సామెతలు 31 మీద ప్రసంగములు అనేకము. ఇంచుమించు అన్నియు అణకువను గూర్చినవే. ఆ అధ్యాయములోని స్త్రీ పొలము చూచి కొనుచున్నది, ద్రాక్షతోట నాటించుచున్నది, నడుము కట్టుకొనుచున్నది, వర్తకులకు సరకు అమ్ముచున్నది. పులివెందుల చీనీ తోటలలో కాయలు కోయు స్త్రీకి, వేరుశనగ చేనిలో కలుపు తీయు స్త్రీకి, ప్రొద్దుటూరులో మగ్గము దగ్గర కూర్చుండు స్త్రీకి తనను గూర్చియే వ్రాయబడినదని తెలియవలసిన అధ్యాయము ఇది. 'గుణవతి' అను తెర దానిని కప్పివేసినది. ఇక్కడ మా జనము నోట 'గట్టి మనిషి' అను చక్కని మాట ఉన్నది. మగవారికి ఆడవారికి సమముగా చెల్లును. 'హయిల్'కు అంతకంటె దగ్గరి మాట మాకు దొరకలేదు.

'గట్టి' అను మాటను గూర్చి చెప్పునప్పుడు లూథరు కోట పాట జ్ఞాపకము వచ్చును. ఇంగ్లీషులో అది 'మైటీ' కోట. ఆ 'మైటీ' 19వ శతాబ్దములో అమెరికా దేశస్థుడైన ఫ్రెడరిక్ హెడ్జ్ అనువాదములోనిది. జర్మను మూలములో ఉన్నది 'ఫెస్ట్', గట్టి, స్థిరము. కార్లయిల్ 1831లో చేసిన అనువాదము 'సేఫ్', క్షేమము, అనినది. గండికోటను చూచినవారికి ఈ భేదము చెప్పనవసరము లేదు. కోట గట్టిది అందుము గాని కోట బలవంతమైనది అనము. దాని గట్టితనము లోపలివారిని కాచుటకే.

"బలముగా వాడబడుచున్న"

ఇప్పుడు గోడపత్రికల సంగతి. కన్వెన్షను కరపత్రములపై ఫోటో క్రింద "దేవునిచేత బలముగా వాడబడుచున్న దైవజనులు" అను మాట చూడని కాపరి ఉండడు. ఇది 'మైటిలీ యూజ్డ్' అను ఇంగ్లీషు మాటకు మాటకు మాటగా చేసిన తర్జుమా. తెలుగులో మనుష్యులను వాడుట మంచి మాట కాదు. "నన్ను వాడుకొని వదిలేసినారు" అని జనము ఏడ్చుదురు. ఇక 'బలముగా వాడుట' అనగా ఎద్దునో యంత్రమునో ఒళ్ళు హూనమగునట్లు తోలుట. ప్రొద్దుటూరులో పాత మోటారు సైకిలు కొనబోయినప్పుడు "బాగా వాడిన బండి" అని మెకానికు చెప్పినచో ధర తగ్గును, పెరుగదు.

కొలొస్సయి 1:29లో 'బలముగా' అను మాట ఉన్నది గదా అని ఎవరైనను అడుగవచ్చును. ఉన్నది. అక్కడ బలముగా పనిచేయునది దేవుని క్రియాశక్తి. పౌలు తనను గూర్చి చెప్పుకొనినది పోరాడుట, ప్రయాసపడుట. కరపత్రములో ఆ 'బలము' దేవునినుండి జారి ఫోటోలోని మనిషికి విశేషణమైనది. అటుపిమ్మట 'బలమైన దైవజనుడు', 'బలమైన సేవ', 'బలమైన వర్తమానము' అని అది వ్యాపించినది. 'బలమైన సేవ' అనగా ఏమిటని అడిగి చూడుడి. ఎంతమంది వచ్చిరి, ఎన్ని బండ్లు వచ్చెను అను జవాబే వచ్చును. మందిబలము, అర్థబలము. రాజకీయ సభను కొలుచు కొలబద్దతోనే కూడికను కొలుచుచున్నాము. ఇద్దరు సేవకుల మధ్య ఊరు వీధిలో పోటీ కలిగినప్పుడు "వాళ్ళకంటే మన బలం ఎక్కువ" అని సంఘ పెద్దలే అనుట వినుచున్నాము. ఇది కేవలము భాషాదోషమని త్రోసివేయుటకు మాకు మనస్సొప్పుట లేదు. వర్గ రాజకీయపు నిఘంటువు సంఘములోనికి ఒక విశేషణము భుజమెక్కి వచ్చినది.

దీనికి ఒక బలమైన – క్షమించుడి, గట్టి – ఆక్షేపణ ఉన్నది. మన సంఘములలో అధిక సంఖ్యాకులు ఊరి చివరి పేటలవారు, కూలి జనము, శతాబ్దములు ఇతరుల బలము క్రింద బ్రతికినవారు. వారికి బలవంతుడైన దేవుడు సువార్త. చదువుకొన్న కాపరులు వచ్చి ఆ మాటను వారినుండి లాగుకొనుట న్యాయమా? ఈ ఆక్షేపణను మేము తేలికగా తీసికొనుట లేదు. పులివెందుల దగ్గర ఒక పల్లెలో ఒక పెద్దమ్మ, "మా దేవుడు శానా గట్టోడయ్యగారూ, ఎవురికీ బయపడే పనిల్యా" అనినది. ఆమె కుమారుడు ఎవరి వెంటనో తిరిగి జైలుకు పోయి వచ్చినవాడు. ఆమె మాటను సరిచేయుటకు మేము ఎవరము? అయితే ఆమె వాడిన మాటను గమనింపుడి. బలవంతుడు అనలేదు, గట్టోడు అనినది. ఊరి బలవంతులను ఎరిగినది గనుకనే దేవునికి వేరొక మాట వెదకుకొనినది. లూకా వ్రాసిన మరియ పాటలోని రెండు మాటల తేడా ఆమె నోట సహజముగా ఉన్నది. కరపత్రము వ్రాసినవారికి మాత్రమే అది లేదు.

పౌలు రెండవ కొరింథీ 12:10లో తాను బలహీనుడైనప్పుడే 'దునాతోస్' అని చెప్పుకొనెను. తెలుగులో బలహీనుడు, బలవంతుడు అను జంట చెవికి ఇంపుగా ఉన్నది. చదువునప్పుడు దానిని మార్చనక్కరలేదు. వివరించునప్పుడు మాత్రము 'బలవంతుడు' అనగా క్రీస్తు శక్తివలన నిలువగలవాడు, ఓర్చుకొనగలవాడు అని చెప్పవలెను. ఆ అధ్యాయములో పౌలు లెక్కపెట్టిన నిందలు, ఇబ్బందులు, హింసలు మందిబలము గలవాని లెక్కలు కావు.

కన్వెన్షనులలో అనువాదము చేయు సహోదరులకు ఒక సూచన. వేదికమీద ఇంగ్లీషు ప్రసంగికుడు 'మైటీ' అనినప్పుడు ఆలోచించుటకు అర క్షణము కూడ ఉండదు, అది మాకును తెలియును. అందుచేత ముందుగానే కొన్ని మాటలు నాలుక చివర ఉంచుకొనుట మేలు. దేవుడు కర్తయైనచో 'సమర్థుడు', 'చేయగలవాడు'. దేవుని చేతిని గూర్చియైనచో 1 పేతురు 5:6లోని 'బలిష్ఠమైన' ఉండనే ఉన్నది. బోధకుని పాండిత్యమును గూర్చియైనచో 'ప్రవీణుడు'. ఆశ్రయమును గూర్చియైనచో 'గట్టి'. సింహాసనముమీద కూర్చుండినవారిని గూర్చియైనచో 'బలవంతులు' అని నిస్సంకోచముగా అనవచ్చును. కరపత్రములకైతే "వీరు వాక్యము చెప్పుదురు" అని వ్రాసి, క్రింద తేదీ, స్థలము, సమయము వేసినచో చాలును.